వరదలో తడిసిన ఫోటోలకు స్క్రాప్‌బుక్: ఏ సామాన్లు కొన్నాను, ఏవి పక్కన పెట్టాను

దశ 0: చేతిలో ఏముంది

కర్నూలు పాతబస్తీలో మా పెద్దమ్మ ఇంట్లో ఉన్న ఫోటోలకు ఈ స్క్రాప్‌బుక్. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడినప్పుడు బీరువా కింది అరలోని ఆల్బంలు మునిగిపోయాయి. నీళ్లు తీశాక ఆరబెట్టి దాచిన ఫోటోలే ఇప్పుడున్నవి. ఊళ్లో ఇంకా ఎన్నో ఇళ్లలో ఇలాంటివి ప్లాస్టిక్ సంచుల్లోనే ఉన్నాయి. వాళ్లకు పనికొస్తుందని కొలతలు, ధరలు అన్నీ రాస్తున్నాను. ధరలు నేను కొన్నప్పటివి.

మొత్తం 61 ఫోటోలు. కొనే ముందు వాటిని మూడు కుప్పలు చేశాను.

1. విడిగా, కాస్త వంకర తిరిగినా బాగున్నవి: 46
2. జిగురు గీతల పేజీలు, పైన ప్లాస్టిక్ పొర ఉండే ఆల్బంలో అతుక్కుపోయినవి: 9
3. ఫ్రేము అద్దానికో, ఒకదానికొకటో అంటుకున్నవి: 6

ఈ లెక్కలోనే అసలు సంగతి బయటపడింది. బాగున్న 46లో ఎక్కువ భాగం అన్నిటికన్నా పాత ఆల్బంలోవి. అది నల్లకాగితాల ఆల్బం. పేజీకీ పేజీకీ మధ్య సాలెగూడు గీతలున్న పల్చటి కాగితం ఉంటుంది. అందులో ఫోటోలను అతికించరు, నాలుగు మూలలకు చిన్న కాగితపు కార్నర్లు పెట్టి నిలబెడతారు. నీళ్లు తగలగానే కార్నర్ల బంక కరిగి ఫోటోలు విడివడ్డాయి, అందుకే వాటిని ఆరబెట్టగలిగారు. కొత్త ఆల్బం ఖరీదైనది. కానీ దాని ప్లాస్టిక్ పొర నీటిని లోపలే పట్టి ఉంచింది. ఫోటో మీది పొర జెలటిన్, తడిస్తే మెత్తబడుతుంది, ఆరేటప్పుడు ఏది తగిలితే దాన్ని పట్టుకుంటుంది. కింద ఎలాగూ జిగురుంది. అలా రెండు వైపులా ఇరుక్కుపోయాయి.

కాబట్టి సామాన్లన్నిటికీ ఒకటే షరతు పెట్టుకున్నాను. ఫోటోకు తగిలే ఏ వస్తువైనా, అవసరం వచ్చినప్పుడు ఫోటోను చెక్కుచెదరకుండా వదిలేయాలి. కింద రాసిన ఎంపికలన్నీ దీన్నిబట్టే.

దశ 1: కొనకముందు చేసిన పనులు

వరదలో తడిసిన ఫోటోల మీద బూజు ఉంటుంది. ఎన్నో ఏళ్ల కిందట ఎండిపోయినా పొడి అలాగే ఉంటుంది, కొత్త పుస్తకంలో పెడితే అక్కడికీ అంటుకుంటుంది.

1. మాస్కు కట్టుకుని, మిద్దె మీద గాలి వీచే వైపు వీపు పెట్టి కూర్చోవాలి.
2. మెత్తటి వెంట్రుకల బ్రష్‌తో ఫోటో మధ్య నుంచి అంచుకు నెమ్మదిగా దులపాలి. తడిబట్ట వాడకూడదు.
3. పొర లేస్తున్న చోట బ్రష్ తగలనీయకూడదు.
4. దులిపినవి, దులపనివి వేరు వేరు పెట్టెల్లో ఉంచాలి.

తర్వాత అన్నిటినీ 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయించాను. 4×6 అంగుళాల ఫోటోకు 2400×3600 పిక్సెళ్లు వస్తాయి, ముఖాలు స్పష్టంగా ఉంటాయి. జిగురు ఆల్బంలోవి, అద్దానికి అంటుకున్నవి ఉన్నవి ఉన్నట్టే స్కానర్ మీద పెట్టించాను. వాటిని ఊడదీసే ప్రయత్నం స్కాన్ అయ్యాకే చేయాలి. స్కానింగ్ ఖర్చు ఈ సామాన్ల లెక్కలో కలపలేదు.

స్కాన్ చేసిన చోట మంచి మనసుతోనే ఒక సలహా ఇచ్చారు. "అన్నా, ఇవన్నీ లామినేషన్ చేయించుకో, ఇంక నీళ్లు పడినా ఏం కాదు" అని. లామినేషన్‌కు వేడి, ఒత్తిడి, ప్లాస్టిక్ జిగురు మూడూ కావాలి. ఒకసారి చేస్తే ఫోటోను మళ్లీ బయటికి తీయలేం. జిగురు ఆల్బం చేసిన పనే ఇంకా గట్టిగా చేస్తుంది. వద్దన్నాను. మీకూ ఎవరో ఒకరు చెబుతారు, అసలు ఫోటోలకు మాత్రం ఒప్పుకోకండి. కాపీలకైతే చేయించుకోవచ్చు.

ఈ దశలో కొన్నవి: మెత్తటి బ్రష్ 50 రూపాయలు, పీహెచ్ పరీక్ష పెన్ను (కాగితంలో ఆమ్లం ఉందో లేదో చూపేది) 690 రూపాయలు. పెన్ను ఊళ్లో దొరకలేదు, ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఖరీదు ఎక్కువే, కానీ దశ 2 మొత్తం దాని మీదే నడిచింది.

ఇప్పటిదాకా: 740 రూపాయలు.

దశ 2: కాగితం

ఎక్కువ సమయం పట్టింది ఇక్కడే. మిగతావి తప్పితే మార్చుకోవచ్చు. కాగితం తప్పితే పుస్తకం మొత్తం మళ్లీ చేయాలి.

షాపుల్లో దొరికిన కాగితాలు ఒక్కొక్కటి తెచ్చి చిన్న ముక్కల మీద పీహెచ్ పెన్నుతో గీత గీశాను. ఈ పెన్నులో క్లోరోఫినాల్ రెడ్ అనే రంగు ఉంటుంది. కాగితంలో ఆమ్లం ఉంటే గీత పసుపుగా ఉంటుంది, లేకపోతే ఊదా రంగుకు మారుతుంది. గీత చెరగదు, కాబట్టి పనికిరాని ముక్క మీదే పరీక్షించాలి.

- పిల్లల ప్రాజెక్టులకు కొనే రంగు చార్ట్: పసుపు.
- గోధుమరంగు క్రాఫ్ట్ కాగితం, ఈ మధ్య స్క్రాప్‌బుక్‌లలో ఎక్కువగా కనబడేది: నేను తెచ్చింది పసుపు. కాగితం రంగు వల్ల గీత సరిగా కనబడదు, పగటి వెలుగులో చూడాలి.
- బటర్ పేపర్: పసుపు.
- మామూలు జిరాక్స్ కాగితం: ఊదా. ఆశ్చర్యపోనక్కర్లేదు, ఇప్పటి జిరాక్స్ కాగితాల్లో సున్నపు పొడి, అంటే కాల్షియం కార్బొనేట్ కలుపుతారు. కానీ 75 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) కాగితం ఫోటో బరువు మోయలేదు.
- ఆసిడ్ ఫ్రీ అని రాసి ఉన్న 220 జీఎస్ఎం డ్రాయింగ్ షీట్: ఊదా.
- అదే రకం 300 జీఎస్ఎం: ఊదా.

పీహెచ్ పెన్ను చెప్పేది ఆమ్లం గురించే. కాగితం పసుపెక్కడానికి ఇంకో కారణం లిగ్నిన్, కలపలో సహజంగా ఉండే పదార్థం. దాన్ని తెలుసుకోవడానికి మన ఎండే చాలు. ప్రతి కాగితం ముక్కనూ సగం స్టీలు పళ్లెం కింద దాచి, సగం ఏప్రిల్ ఎండకు వదిలేశాను. తేడా ఎలా ఉంటుందో తెలియడానికి పక్కనే వార్తాపత్రిక ముక్క పెట్టాను. పత్రికలో ఎండ తగిలిన సగం కొద్ది రోజుల్లోనే పసుపెక్కింది. చార్ట్ రంగు పాలిపోయి, అంచు గీత గీసినట్టు కనబడింది. డ్రాయింగ్ షీట్లు రెండూ ఏ మాత్రం మారలేదు.

కాగితం ప్యాకెట్ మీద చూడాల్సినవి మూడు: ఆసిడ్ ఫ్రీ, లిగ్నిన్ ఫ్రీ, ఫోటో యాక్టివిటీ పరీక్ష (కాగితం ఫోటోను పాడుచేస్తుందో లేదో చూసేది) నెగ్గినట్టు రాసి ఉండటం. ఆ పరీక్షకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 18916. మూడోది ఉన్న కాగితం మన ఊళ్లో దొరకదు, మొదటి రెండూ ఉంటే ముందుకెళ్లవచ్చు. ఆర్కైవల్ అన్న ఒక్క మాటే ఉంటే నమ్మొద్దు, ఆ మాట వాడటానికి కట్టుబడాల్సిన ప్రమాణమేదీ లేదు.

*సైజు ఎందుకు ఏ4*

స్క్రాప్‌బుక్ అంటే 12×12 అంగుళాలు అనే అలవాటు విదేశాల నుంచి వచ్చింది. కొలిచి చూస్తే నాకు లాభం కనబడలేదు. కట్టుకు (బైండింగ్‌కు) 3 సెం.మీ. వదిలితే మిగిలేది 27.5×30.5 సెం.మీ. అందులో 10.2×15.2 సెం.మీ. (4×6 అంగుళాల) ఫోటోలు నాలుగు పెట్టాలంటే ఇరికించాలి. అప్పుడు రాతకు చోటు పెద్దగా మిగలదు. పైగా ఆ సైజు కాగితం, కవర్లు అన్నీ ఆన్‌లైన్‌లోనే కొనాలి, పేజీ స్కానర్ మీద పట్టదు. ఏ4 పేజీలో కట్టు వదిలాక వెడల్పు 18 సెం.మీ. 15.2 ఫోటో పెడితే రెండు పక్కలా 1.4 మిగులుతుంది. ఒకదాని కింద ఒకటి రెండు ఫోటోలు పెట్టినా రాతకు 9 సెం.మీ. పైనే ఉంటుంది.

*షీటు కోసే పద్ధతి*

డ్రాయింగ్ షీటు 22×30 అంగుళాలు, అంటే 55.9×76.2 సెం.మీ. కొన్ని నిలువుగా, కొన్ని అడ్డంగా గీసుకుంటే ఒక్కో షీటుకు ఐదు ఏ4లు వస్తాయి. ఒక షీటు అలా కోసి చూశాను. ఐదింటిలో మూడు పేజీలు తిప్పుతుంటే మొండిగా నిలబడ్డాయి, అంచులు పైకి లేచాయి. కారణం కాగితపు నార దిశ. మిషన్ మీద తయారైన కాగితంలో నార ఎక్కువగా ఒకే వైపు పరుచుకుని ఉంటుంది. నార పుస్తకం కట్టుకు సమాంతరంగా ఉంటేనే పేజీ సులువుగా తిరుగుతుంది. కర్నూలు ఎండాకాలపు పొడిగాలికి, వానాకాలపు తేమకు కాగితం సాగి ముడుచుకునేది కూడా నారకు అడ్డంగానే.

1. షీటును చేతిలో పట్టుకుని ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా కొద్దిగా వంచాలి. ఏ వైపు మెత్తగా వంగుతుందో, వంపు గీత ఎటు ఉందో నార అటే.
2. నా షీట్లలో నార 76.2 సెం.మీ. వైపు ఉంది. అందుకని పేజీ పొడవు 29.7ను అటే పెట్టి రెండు వరుసల్లో నాలుగు పేజీలు మాత్రమే కోశాను.
3. పక్కన మిగిలే 13.9 సెం.మీ. పట్టీని పారేయొద్దు. 3 సెం.మీ. వెడల్పు, 29.7 పొడవున్న పట్టీలు షీటుకు 8 వస్తాయి. దశ 7లో అవి లేకపోతే పని ఆగుతుంది.

300 జీఎస్ఎం ఎందుకు వద్దనుకున్నానంటే, అది కట్టు దగ్గర వంగలేదు, గీత గీసి మడిస్తే పగిలింది. 220 జీఎస్ఎం ఏ4 పేజీ బరువు దాదాపు 13.7 గ్రాములు, 24 పేజీలకు 330 గ్రాముల లోపే. మందం పది పేజీలు కలిపి కొలిస్తే 3 మి.మీ., అంటే ఒక్కోటి 0.3.

ఈ కాగితాలు, కవర్లు చూసి పెద్దమ్మ "ఈ తెల్లకాగితాలకా ఇంత దుడ్డు?" అంది. చార్ట్ ముక్కను, షీటు ముక్కను పళ్లెం కింది నుంచి తీసి చూపించాక ఇంకేమీ అనలేదు.

ఖర్చు: విడి కాగితాలు 80, డ్రాయింగ్ షీట్లు 7 (ఒకటి అదనం, నార పరీక్షకే పోయింది) 420, కార్నర్ల కోసం 90 జీఎస్ఎం ఆసిడ్ ఫ్రీ ప్యాడ్ 110.

ఇప్పటిదాకా: 1,350 రూపాయలు.

దశ 3: అతికించేది, పట్టి ఉంచేది

ఊరి ఎండనే పరీక్షగా వాడుకున్నాను. 220 షీటు ముక్కల మీద పనికిరాని ఫోటో ప్రింట్లను రకరకాల జిగుర్లతో అతికించి, మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి, మే నెలలో మిద్దె మీద ఉంచాను. లోపల పెట్టిన గది థర్మామీటరు 50 డిగ్రీల దగ్గర ఆగిపోయింది, దాని మీద గీతలే అంతవరకు. కిటికీ పక్క బీరువాలో ఇంత వేడి ఉండదు, కానీ కొన్నేళ్లలో జరిగేది త్వరగా కనబడుతుంది.

- తెల్ల జిగురు: ఎండలో ఏమీ కాలేదు, ఇబ్బంది అంతకుముందే వచ్చింది. నీటి వల్ల కాగితం అలలుగా ముడతపడింది. ఆరాక ఫోటో రాదు. ఫోటోలకు వద్దు. కాగితానికి కాగితం అతికించడానికి మాత్రం బాగుంది.
- గ్లూ స్టిక్: మూలలు విడిపోయి లేచాయి.
- చవక డబుల్ సైడ్ టేపు: జిగురు అంచుల నుంచి బయటికి కారింది. పై పేజీని పెడితే అది కూడా అంటుకుంది. ఈ పరీక్షలో అన్నిటికన్నా ప్రమాదకరం ఇదే.
- సెల్లోటేపు: ముందే వద్దనుకున్నాను. పెద్దమ్మ ఆల్బంలోనే పాత సెల్లోటేపు మరకలు తేనెరంగులో ఉన్నాయి, ఇక పరీక్ష అక్కర్లేదు.
- రబ్బరు సొల్యూషన్: పరీక్షించలేదు. రబ్బరులో గంధకం ఉంటుంది, నలుపు తెలుపు ఫోటోల్లోని వెండిని అది పాడుచేస్తుంది. ఫోటోల కట్టకు రబ్బరు బ్యాండు వేయకూడదనడానికి కారణమూ ఇదే.
- మైదా జిగురు: బైండింగ్ వాళ్లు వాడేది. పురుగులు రాకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు, అంటే కాపర్ సల్ఫేట్, అది ఆమ్ల గుణం ఉన్నది. కలపకపోతే పురుగులొస్తాయి. రెండు విధాలా వద్దు.
- ఆసిడ్ ఫ్రీ అక్రిలిక్ డబుల్ సైడ్ టేపు: కారలేదు, రంగు మారలేదు. కానీ ఫోటో మళ్లీ రాలేదు.

చివరిది కూడా దశ 0లో పెట్టుకున్న షరతుకు నిలవలేదు. అందుకని ఫోటోకు ఏ జిగురూ తగలకుండా, పాత నల్ల ఆల్బంలో లాగా కార్నర్లే పెట్టాను. టేపు కార్నర్ తోకకు మాత్రమే. కొన్న ఫోటో కార్నర్లు చూశాను, వాటి వెనక జిగురేమిటో ప్యాకెట్ మీద లేదు. ఇంట్లో చేసుకుంటే ఏ కాగితమో మనకు తెలుసు.

కార్నర్ చేసే తీరు:

1. 90 జీఎస్ఎం ఆసిడ్ ఫ్రీ కాగితాన్ని 1.2×4 సెం.మీ. ముక్కలుగా కోయాలి. ఒక ఏ4లో 120 వస్తాయి.
2. ముక్క పై అంచు మధ్యలో చిన్న గుర్తు పెట్టి, రెండు చేతులనూ ఆ గుర్తు దగ్గర నుంచి కిందికి మడవాలి. త్రికోణపు టోపీ, కింద రెండు తోకలు వస్తాయి.
3. తోకల వెనక, అంటే పేజీకి తగిలే వైపు, 5 మి.మీ. టేపు ముక్క అంటించాలి.
4. నాలుగు టోపీలనూ ముందు ఫోటో మూలలకు తొడిగి, అప్పుడు పేజీ మీద పెట్టి నొక్కాలి. ముందే పేజీకి అంటించి ఫోటోను దూరుద్దామంటే కొలత కుదరదు.
5. ఫోటోకూ టోపీకీ మధ్య అర మిల్లీమీటరు వదులు ఉండాలి. బిగువుగా ఉన్నవి ఎండాకాలం ఫోటో వంగినప్పుడు మూలను మడిచేశాయి.

పేజీకి రెండు ఫోటోలు, ఫోటోకు నాలుగు కార్నర్లు. 24 పేజీలకు 192. ప్యాడ్‌లో రెండు కాగితాలు చాలు.

ఖర్చు: పరీక్షకు తెచ్చిన జిగుర్లు 95, అక్రిలిక్ టేపు 240.

ఇప్పటిదాకా: 1,685 రూపాయలు.

దశ 4: కోసేవి

18 మి.మీ. బ్లేడు కట్టర్ 80, 30 సెం.మీ. స్టీలు స్కేలు 60, ఏ3 కటింగ్ మ్యాట్ 350. కత్తెర ఇంట్లోదే.

మ్యాట్ లేకుండా సరిపెట్టుకోవచ్చా అని అడిగేవాళ్ల కోసం: అట్ట మీద కోస్తే పాత గాట్లలోకి బ్లేడు జారి గీత వంకరపోతుంది. గాజు మీద కోస్తే బ్లేడు మొన వెంటనే మొద్దుబారుతుంది. మ్యాట్ మీద ఉన్న గళ్లు కొలతకూ పనికొస్తాయి. ప్లాస్టిక్ స్కేలును కట్టర్ చెక్కేస్తుంది, దాని మీద డబ్బు పెట్టొద్దు. 220 షీటును ఒకే వేటులో కోయకుండా తేలిగ్గా రెండు మూడుసార్లు గీస్తే అంచు నునుపుగా వస్తుంది. మొద్దుబారిన మొనను విరిచేయడానికి వెనుకాడొద్దు.

రకరకాల ఆకారాల పంచ్‌లు, జిగ్‌జాగ్ కత్తెరలు కొనలేదు. అసలు ఫోటోలను ఏ ఆకారంలోనూ కోయకూడదు. అంచులోని తెల్ల బార్డరు, స్టూడియో ముద్ర, ప్రింటు తేదీ కూడా ఫోటోలో భాగమే.

ఇప్పటిదాకా: 2,175 రూపాయలు.

దశ 5: రాసేవి

పెన్ను గురించి నేను పరీక్షించక ముందే వరద పరీక్షించింది. తాతవి కొన్ని ఫోటోల వెనక ఇంకుతో రాసినవి నీలి మరకలుగా మిగిలాయి. ఒకదాని వెనక పెన్సిల్‌తో "1953 కర్నూలు" అని ఉంది, అది నిన్న రాసినంత స్పష్టంగా ఉంది. ఆ ఏడాది అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది, ఆఫీసులు డేరాల్లో నడిచాయి. ఫోటోలో తాత వెనక కనబడేది డేరానే. పెన్సిల్ గీత గ్రాఫైట్, అది నీటిలో కరగదు. ఇంకులో రంగు కరిగి ఉంటుంది కాబట్టి నీటితో పాటే పోయింది.

పేజీల మీద పెన్సిల్ వెలుగులో సరిగా కనబడదు, అందుకని పెన్నులు తెచ్చి పరీక్షించాను. ఒక్కోదానితో ఒక గీత గీసి, రాత్రంతా ఆరనిచ్చి, తడి దూదితో తుడిచాను.

- బాల్ పెన్ను: చెరగలేదు, కానీ వెనక వైపు గాడి పడింది.
- జెల్ పెన్ను: చెదిరింది.
- పర్మనెంట్ మార్కర్: తుడిస్తే పోలేదు, కానీ కాగితం వెనక్కి ఊరింది, గీత చుట్టూ పసుపు వలయం.
- పిగ్మెంట్ ఇంకు పెన్ను: చెదరలేదు, ఊరలేదు.

పిగ్మెంట్ ఇంకులో రంగు కరిగి ఉండదు, సన్నటి రేణువులుగా ఉండి కాగితంలో ఇరుక్కుంటుంది. జపాన్‌కు చెందిన సకురా కంపెనీ 1982లో తెచ్చిన పిగ్మా ఇంకు ఈ రకమే. 0.3, 0.5 సైజులు రెండు కొన్నాను. తెలుగు రాయడానికి 0.5 మేలు. 0.3తో రాస్తే తలకట్లు, గుణింతాలు పెద్దవాళ్ల కళ్లకు ఆనవు.

"ఫోటో ఎనకాల రాయొద్దంటే పేర్లు యాడ రాయాల?" అని పెద్దమ్మ అడిగింది. పాత కాగితపు ఫోటోల వెనక 2బీ పెన్సిల్‌తో, అంచున, నొక్కకుండా రాయొచ్చు. నున్నటి ప్లాస్టిక్ వెనకభాగం ఉన్న రంగుల ఫోటోల మీద పెన్సిల్ పట్టదు, వాటి వివరాలు పేజీ మీదే రాయాలి. ఆమె చెబుతుంటే ముందు చిత్తు కాగితం మీద రాసుకుని, వరసలు, ఇంటిపేర్లు ఇంకొకరి దగ్గర సరిచూసుకున్నాకే పిగ్మెంట్ పెన్ను పట్టాను. దాంతో రాసింది చెరగదు.

ఖర్చు: పెన్నులు 220, పెన్సిల్ 10.

ఇప్పటిదాకా: 2,405 రూపాయలు.

దశ 6: ఫోటోలు కానివి

శుభలేఖలు, టికెట్లు, పత్రిక ముక్కలు. వీటిలో ఒక్కోదానికి ఒక్కో ఇబ్బంది ఉంది.

శుభలేఖకు నాలుగు మూలలా పసుపు ఉంటుంది. ఆ పసుపు పక్క పేజీకి అంటుతుంది. తుడవలేం, తుడవకూడదు కూడా. కాబట్టి ప్లాస్టిక్ కవరు తప్పనిసరి. పత్రిక ముక్క పక్కనున్న కాగితాన్ని కూడా పసుపెక్కిస్తుంది. అసలును వేరే కవరులో పెట్టి, ఆసిడ్ ఫ్రీ కాగితం మీద జిరాక్స్ తీయించి పుస్తకంలో పెట్టాను. జిరాక్స్ నలుపులో ఉండేది కార్బన్, అది పాలిపోదు. మిషన్ నుంచి వచ్చే బస్సు టికెట్లు థర్మల్ కాగితం, వేడికి నల్లబడతాయి లేదా అక్షరాలు మాయమవుతాయి. కనబడుతున్నప్పుడే జిరాక్స్ తీయాలి.

కవర్ల ఎంపికకు ఇంట్లో చేసే పరీక్ష:

1. కవరు మూల నుంచి చిన్న ముక్క కోయాలి.
2. సబ్బు చుక్క వేసిన నీటిలో వేలితో ముంచి, బుడగలు పోయేలా తట్టి వదలాలి.
3. తేలితే పాలీప్రొపిలీన్ లేదా పాలిథిన్, వాడొచ్చు.
4. మునిగితే పీవీసీ కావచ్చు, పాలియెస్టర్ కావచ్చు. పాలియెస్టర్ మంచిదే, కానీ ప్యాకెట్ మీద ఆ పేరు లేకపోతే కొనొద్దు.

పీవీసీని ఎందుకు దూరం పెట్టాలంటే, కాలం గడిచేకొద్దీ దాన్నుంచి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వెలువడుతుంది. దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపిన నూనెలాంటి పదార్థమూ బయటికొస్తుంది. ఘాటైన కొత్త ప్లాస్టిక్ వాసన వచ్చే, మెత్తగా సాగే కవర్లు తెచ్చి చూస్తే మునిగాయి. కొంచెం గరగరమనే ఏ4 పాలీప్రొపిలీన్ కవర్లు తేలాయి. అవి 10 తీసుకున్నాను, 120.

ఇప్పటిదాకా: 2,525 రూపాయలు.

దశ 7: కట్టు

స్పైరల్ బైండింగ్ సులువు. కానీ పేజీలు తీసి పెట్టాలంటే మొత్తం కట్టు విప్పాలి, బరువున్న పేజీలు రంధ్రాల దగ్గర చిరుగుతాయి. మరలు ఉండే పోస్టు కట్టు ఎంచుకున్నాను. ఒకవైపు గొట్టం, ఇంకోవైపు స్క్రూ, ఎప్పుడైనా విప్పొచ్చు.

ముందుగా కొలతలు. 24 పేజీలు కట్టు వైపు 7.2 మి.మీ. అదే బయటి అంచు వైపు ఒక్కో పేజీకి ఫోటో 0.3, కార్నర్ మడతలు 0.2 కలిసి మొత్తం దాదాపు 19 మి.మీ. పట్టీలు లేకుండా కట్టి చూస్తే పుస్తకం నోరు తెరుచుకునే ఉంది, అట్ట నొక్కితే ఫోటోలు వంగాయి. దశ 2లో దాచిన పట్టీలు ఇక్కడికే. ఒక పేజీకి ఒకటి, తర్వాతి పేజీకి రెండు చొప్పున కట్టు అంచున తెల్ల జిగురుతో అతికించి, బరువు పెట్టి ఆరనిచ్చాను. 36 పట్టీలు, 10.8 మి.మీ. ఇప్పుడు కట్టు 18, అంచు 19. పుస్తకం చదునుగా మూసుకుంటుంది.

1. మామూలు ఆఫీసు పంచింగ్ మిషన్ చాలు. రెండు రంధ్రాల మధ్య 80 మి.మీ., అంచు నుంచి 12 మి.మీ., రంధ్రం 6 మి.మీ. 5 మి.మీ. పోస్టు ఇందులో బాగా దిగుతుంది.
2. ఒక్కసారికి రెండు పేజీలకు మించి పెట్టొద్దు, రంధ్రాలు జరుగుతాయి.
3. అంచు నుంచి 3.2 సెం.మీ. దగ్గర స్టీలు స్పూను వెనకవైపుతో గట్టిగా గీత లాగాలి. పేజీ ఆ గీత దగ్గరే వంగుతుంది.
4. పై అట్టలకు 2 మి.మీ. అట్ట. పంచింగ్ మిషన్ దాన్ని కోయలేదు, చెప్పులు కుట్టే దగ్గర పంచ్‌తో రంధ్రాలు వేయించాను.
5. అట్ట మీద ఎమ్మిగనూరు చేనేత గుడ్డ, లోపలివైపు 220 షీటు అతికించాను. అట్టకు పీహెచ్ పెన్నుతో పసుపు గీతే వచ్చింది, కాబట్టి మొదటి ఫోటో పేజీ దానికి తగలకుండా చూసుకోవాలి.
6. గుడ్డను ముందు ఉప్పునీటిలో నానబెట్టి, తెల్లబట్టతో రుద్ది రంగు దిగడం లేదని చూసుకోవాలి. మొదటి నీళ్లలో కొంచెం దిగింది, మళ్లీ ఉతికాక ఆగింది.

అట్టలు, గుడ్డ కలిపితే 5 మి.మీ., మొత్తం 23. 20 మి.మీ. పోస్టులకు 5 మి.మీ. పొడిగింపు తగిలించాను. మిగిలిన 2 మి.మీ. వదులును దాచిన పట్టీలతో నింపాను. తర్వాత కవర్లు చేర్చేటప్పుడు ఆ పట్టీలు తీసేయొచ్చు.

నల్ల ఆల్బంలో లాగా పేజీల మధ్య బటర్ పేపర్ వేయలేదు. ఫోటోలన్నీ కుడి పేజీ మీదే ఉన్నాయి, ఎదురుగా ఉండేది ఖాళీ ఆసిడ్ ఫ్రీ కాగితం. ఒక ఫోటో ముఖం ఇంకో ఫోటో ముఖానికి తగలదు.

ఖర్చు: పోస్టులు, పొడిగింపులు 180, అట్టలు 60, గుడ్డ 150, రంధ్రాలు 20.

మొత్తం: 2,935 రూపాయలు.

ఇప్పుడు ఎక్కడుంది

మొదటి పేజీ పైభాగంలో కుటుంబ వివరాలు, 46 ఫోటోలు తమ చోట్లలో ఉన్నాయి. పుస్తకాన్ని పడుకోబెట్టి బీరువా పై అరలో పెట్టించాను. కింది అర వద్దు, కారణం తెలిసిందే. మిద్దె కింద అటక కూడా వద్దు, ఎండాకాలం అక్కడ స్లాబు వేడి నేరుగా తగులుతుంది. బయటి గోడకు ఆనించిన బీరువా అయితే నాలుగు వేళ్ల ఖాళీ ఉండేలా ముందుకు జరపాలి.

జిగురు ఆల్బంలోని 9 ఫోటోలను పళ్లు శుభ్రం చేసుకునే దారంతో విడదీస్తున్నాను. మూల దగ్గర దారాన్ని ఫోటో కిందికి దూర్చి, రంపంలా ముందుకూ వెనక్కూ లాగుతూ పోవాలి. ఫోటోను పైకి లాగకూడదు, లాగేది దారాన్ని మాత్రమే. దారం ఆగిన చోట ఆపేసి, ఇంకో మూల నుంచి మొదలుపెట్టాలి. పేజీని ఫోటోతో సహా కోసి కవరులో పెట్టడం కూడా సరైన పనే, ఒక ఫోటోకు అదే చేశాను. అద్దానికి అంటుకున్న వాటిని అద్దంతోనే పెట్టెలో ఉంచాను. వాటి స్కాన్ ప్రింట్లు రెండో పుస్తకంలోకి వెళ్తాయి.

రెండో పుస్తకానికి పీహెచ్ పెన్ను, బ్రష్, కట్టర్, స్కేలు, మ్యాట్, పెన్నులు ఇవే పనికొస్తాయి. కార్నర్ల కాగితం, టేపు మిగిలే ఉన్నాయి. కొనాల్సినవి: షీట్లు 420, కవర్లు 120, పోస్టులు 180, అట్టలు 60, గుడ్డ 150, రంధ్రాలు 20. మొత్తం 950 రూపాయలు.